బల్ల రొట్టెల పెనం

రెండు నెలల కిందట ఒక ఆదివారం మధ్యాహ్నం మా సంఘానికి కొత్తగా వచ్చిన పాస్టరుగారు ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. నేను అప్పుడే అన్నం తిని కంచం కడుగుతున్నాను. గోదావరిఖనిలో ముప్పై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. నా గడప తొక్కేవాళ్ళలో సగం మంది నా బెత్తం రుచి చూసినవాళ్ళే. వెంట వచ్చిన ఇద్దరిలో ఒకడు అలాంటివాడే, తల నెరిసినా ఇప్పటికీ నా ముందు కుర్చీ అంచున కూర్చుంటాడు. పాస్టరుగారికి ఆ బెరుకు లేదు. కాలు మీద కాలు వేసుకుని, నేనిచ్చిన మంచినీళ్ళు తాగి, నేరుగా పనిలోకి దిగాడు.

"కొత్త హాలు ప్రతిష్ఠ దగ్గరికొచ్చింది టీచరమ్మా. లోపటికి రాంగనే కనపడేటట్టు ఒక గోడ మీద మన సంఘంల మొదటి పరిశుద్ధుల ఫొటోలు పెడ్తున్నం. మీ నాయిన ఏసోబు తాతది ఒక ఫొటో కావాలె. ఇంకోటేందంటే, మీ అమ్మగారు ప్రభువు బల్లకు రొట్టె కాల్చిన పెనం మీ కాడనే ఉన్నదంటున్నరు. దాన్ని అద్దాల పెట్టెల పెడ్తం. పరిశుద్ధత అంటే ఏందో ఇప్పటి పిల్లలకు జర తెలువాలె గద."

"మా నాయినను బల్లకు దూరం పెట్టిన సంగతి మీకు తెలుసా?" అని అడిగాను.

ఆయన ఇద్దరి వైపూ చూశాడు. "విన్న. పాత ముచ్చట గద. అప్పటి పెద్దలు జర గట్టిగ ఉండేది."

"అయితే ఒక పని చెయ్యండి. ప్రతిష్ఠ రోజు మైకు ముందర నిలబడి, ఏసోబును బల్లకు దూరం పెట్టింది తప్పు అని ఒక్క మాట చెప్పండి. పెనం నేనే నెత్తిన పెట్టుకుని తెస్తాను."

"హాలుకు దావీదు పెద్దయ్య పేరే పెడ్తున్నం టీచరమ్మా. ఆయన కొడుకులు, మనుమలు అందరొస్తరు. గసుంటి రోజు గసుంటి మాట బాగుండది." నా పాత శిష్యుడు తల వంచుకుని చాప అల్లిక చూస్తున్నాడు. పాస్టరుగారు ఆలోచించుకోమని చెప్పి, లేచి నిలబడి, మా ఇంటి కోసం, పరిశుద్ధులను మాకిచ్చినందుకు దేవునికి కృతజ్ఞతగా, చాలాసేపు ప్రార్థన చేశాడు. నాకు ఆమెన్ అనబుద్ధి కాలేదు. వాళ్ళు వెళ్ళాక తలుపు వేసి ట్రంకుపెట్టె తెరిచాను. వాళ్ళకు చెప్పని సంగతి ఒకటుంది. నాయినను దూరం పెట్టింది దావీదు పెద్దయ్యే కానీ, ఆయన చెవిన ఆ మాట వేసింది నేను.

పెనం మా అమ్మ పాత తెల్లచీర ముక్కలో చుట్టి ఉంది. పిడి లేని చిన్న ఇనుప పెనం, నా రెండు అరచేతులు పక్కపక్కన పెడితే ఎంతో అంత. నూనె తాగి తాగి నున్నగా అయింది. నెలకు ఒక్క శనివారం తప్ప అది పొయ్యి ఎక్కలేదు. మామూలు రొట్టె దాని మీద ఒక్కటి కూడా కాలలేదు. మా ఇంట్లో పరిశుద్ధం అన్న మాటకు నాకు మొదట తెలిసిన అర్థం ఈ పెనమే. దేవుడు ఎలా ఉంటాడో, ఏమిస్తాడో తెలియకముందే, ఆయన ముట్టుకోకూడనివాడని నాకు తెలుసు.

మా క్వార్టరు రెండు గదులది. మధ్యాహ్నం దాటితే చాలు, లైను పొడవునా ఇళ్ళ ముందు బొగ్గు పొయ్యిలు అంటించేవాళ్ళు. రాజుకునేదాకా వచ్చే ఆ పచ్చి పొగ ఆరేసిన బట్టల్లోకి, అన్నంలోకి, మా జుట్టులోకి ఎక్కేది. నాయిన మొదటి షిఫ్టు దిగి వచ్చే వేళకు అమ్మ గోలెం పక్కన వేడినీళ్ళు సిద్ధంగా పెట్టేది. గని బట్టలకు వెనక వాకిట్లో వేరే తీగ ఉండేది, మా బట్టలు దాని మీద వేస్తే అమ్మ ఊరుకునేది కాదు. నాయిన స్నానం చేస్తుంటే నల్లటి నీళ్ళు మోరీలోకి పోయేవి. ఎంత తోమినా కనురెప్పల అంచున కాటుక పెట్టినట్టు సన్నటి నలుపు మిగిలిపోయేది. బల్ల ఆదివారానికి ముందు రోజు మాత్రం అమ్మ మెత్తటి గుడ్డకు కొబ్బరినూనె అద్ది, ఆయనను వరండాలో కూర్చోబెట్టి, ఆ నలుపు తుడిచేది. "దేవుని ముందటికి మసితోని పోతవా?" అనేది. "నేను మసిల ఉన్నప్పుడే ఆయనకు నాతోని ఎక్కువ పని పడ్తది," అనేవాడు నాయిన, కళ్ళు మూసుకునే.

పాత రోజుల్లో మా సంఘానికి సొంత పాస్టరు లేడు. మంచిర్యాల నుంచి అయ్యగారు నెలకొకసారి వచ్చి బల్ల ఇచ్చి వెళ్ళేవాడు, అంటే ప్రభువును తలుచుకుని తలా ఒక తునక రొట్టె, ఒక గుక్క ద్రాక్షరసం పంచేవాడు. రొట్టె, ద్రాక్షరసం సిద్ధం చేసే పని మా అమ్మది. శనివారం తలస్నానం చేసి, ఉతికిన తెల్లచీర కట్టుకుని, అటక మీద నుంచి పెనం దింపేది. చెంబులో నిప్పులు పోసి బల్ల గుడ్డ మీద రుద్ది ముడతలు పోగొట్టేది. నల్ల కిస్మిస్ పళ్ళు ఉడికించి, పలుచటి గుడ్డలో పిండి, ఆ రసం చల్లారబెట్టేది. ఆ తియ్యటి వాసనకు మాకు నోరూరేది. గిన్నె అంచున వేలు పెట్టి నాకితే నాలుక పడిపోతుందని చెప్పింది. నేను నమ్మాను. ఆ పూట అమ్మ మాతో గట్టిగా మాట్లాడేది కాదు, వంటింటి గడప దాటనిచ్చేది కాదు. అంత భయం మధ్య కాలిన రొట్టెలు నాలుగు, ఒక్కొక్కటి అరచేతంత కూడా ఉండేవి కావు.

అయ్యగారు లేని మిగతా రోజులన్నీ సంఘం దావీదు పెద్దయ్యది. ఆయన గని ఆఫీసులో హాజరు వేసే గుమాస్తా. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. గని లోపలికి ఒక్కరోజు దిగినవాడు కాదు. ఆఫీసు అలవాటు చర్చికి కూడా తెచ్చాడు. ఎవరు రాలేదు, ఎవరు పాట సగంలో వచ్చారు, ఎవరి భార్య ముసుగు వేసుకోలేదు, అన్నీ ఆయనకు గుర్తే. దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడన్న సామెత పూజారే లేని మా చర్చిలోనూ చెల్లింది. చెడ్డవాడని చెప్పలేను. జ్వరం వచ్చినవాళ్ళను దవాఖానకు తీసుకెళ్ళేవాడు, చావు వస్తే ముందుండి గొయ్యి తవ్వించేవాడు. ఆయన నమ్మిందే మాకు నేర్పాడు, అదే బాధ.

ఆ చర్చి పైకప్పు వేసింది మా నాయిన. ఆయన గనిలో టింబరు పని చేసేవాడు. పైబండ కూలకుండా దుంగలు నిలబెట్టే పని. చర్చి గోడలు లేచాక దూలాలు ఎత్తే మనుషులు దొరక్కపోతే, తన గ్యాంగు వాళ్ళను పదిమందిని ఒక సెలవు రోజున తెచ్చాడు. నేను కాకా అని పిలిచే మల్లయ్య వాళ్ళలో ఒకడు. వాళ్ళలో ఒక్కరు కూడా క్రైస్తవులు కారు. పొద్దున ఎక్కి సాయంత్రానికి కప్పు నిలబెట్టి, మా అమ్మ వండిన కూర తిని పోయారు. ఆ రోజు దావీదు పెద్దయ్య వాళ్ళందరికీ తన చేత్తో నీళ్ళిచ్చాడు.

నాకు పదేళ్ళు ఉంటాయేమో. వాక్యాలు అప్పజెప్పడంలో సండే స్కూల్లో నన్ను మించినవాళ్ళు లేరు, ఆ గర్వం కూడా నాకు దండిగా ఉండేది. ఒక బల్ల శనివారం దావీదు పెద్దయ్య పిల్లలందరినీ కూర్చోబెట్టి, చర్చి గచ్చు మీద సుద్దముక్కతో పొడుగ్గా ఒక గీత గీశాడు. "ఇటు దిక్కు దేవునిది. అటు దిక్కు లోకానిది. పరిశుద్ధం అంటే ఇటు దిక్కు ఉండుడు. ఒక కాలు ఇటు, ఒక కాలు అటు పెట్టినోనికి బల్లల పాలు లేదు." తర్వాత అడిగాడు, మన వాళ్ళు ఎవరైనా గీత దాటంగ చూశారా అని. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాకు జవాబు తెలుసు. జవాబు తెలిసినప్పుడు చెయ్యి ఎత్తకుండా ఉండడం నాకు అప్పటికి చేతకాదు.

అంతకు వారం ముందు నాయిన రెండో షిఫ్టుకు పోతూ సద్ది గిన్నె మరిచిపోతే అమ్మ నన్ను గని దాకా పరుగెత్తించింది. గని మొగదల మైసమ్మ గద్దె ఉంది. దిగేముందు గ్యాంగు వాళ్ళు కొబ్బరికాయ కొట్టి, టోపీలు తీసి, కాసేపు నిలబడ్డారు. వాళ్ళ మధ్యలో మా నాయిన కూడా టోపీ తీసి, చంకలో పెట్టుకుని, తల వంచుకుని నిలబడ్డాడు. అదే చెప్పాను. పెద్దయ్య నన్ను లేపి, గీతకు ఇటువైపు నిలబెట్టి, భుజం తట్టి, గొర్రెపిల్ల బొమ్మ ఉన్న రంగుల కార్డు ఇచ్చాడు. దాన్ని చాలా ఏళ్ళు లెక్కల పుస్తకంలో దాచుకున్నాను.

ఆ సాయంత్రమే నాయినను పిలిపించారు. చర్చి వరండాలో నలుగురు పెద్దలు కూర్చున్నారు. నాయిన మెట్టు కింద నిలబడ్డాడు, నేను అమ్మ కొంగు పట్టుకుని పక్కన.

"ఏసోబూ, గని మీద మైసమ్మ కాడ టోపీ తీసి నిలబడుతున్నవట. నీ బిడ్డనే చెప్పింది. నిజమేనా?"

నాయిన నా వైపు చూశాడు. "నా బిడ్డ అబద్ధం చెప్పదు," అన్నాడు.

"మొక్కుతున్నవా?"

"మొక్కుత లేను దావీదన్నా. నిలబడుతున్న."

"ఎందుకు నిలబడాలె?"

"మా గ్యాంగోళ్ళు నిలబడ్తరు. లోపటికి పోతున్నం, మల్ల వస్తమో రామో అని జరసేపు సప్పుడు చెయ్యకుంట నిలబడ్తరు. నేనొక్కన్ని పక్కకు వొయ్యి కూసుంటె, లోపట బండ కింద వాళ్ళ పక్కన ఏం మొహం పెట్టుకొని నిలబడాలె?"

"పరిశుద్ధం అంటెనే పక్కకు ఉండుడు. గిన్నేండ్ల సంది వింటున్నవు, గది తెల్వదా?"

"బండ కింద పక్కకు ఉండుడు ఉండదన్నా," అన్నాడు నాయిన.

మూడు నెలలు బల్లకు దూరం అన్నారు. సంఘం ముందు తప్పు ఒప్పుకుని, ఇక నిలబడనని మాట ఇస్తే మళ్ళీ చూద్దామన్నారు. నాయిన సరేనన్నాడు. ఆ మూడు నెలలు ఆయన బతుకంతా అయ్యాయి, ఎందుకంటే ఆయన ఒప్పుకోలేదు, నిలబడడం మానలేదు, చర్చికి రావడమూ మానలేదు. ప్రతి ఆదివారం వెనక, గుమ్మం పక్కన, చెప్పులు విడిచే చోటికి ఆనుకుని కూర్చునేవాడు. తను వేసిన కప్పు కిందే. నన్ను మాత్రం పెద్దయ్య ముందు చాపలో, పాటలు పాడే పిల్లల మధ్య కూర్చోబెట్టాడు. నేను అక్కడే కూర్చున్నాను.

మరుసటి నెల శనివారం వచ్చింది. అమ్మ తలస్నానం చేసింది కానీ పెనం దింపలేదు. "ఈసారి వేరేటోళ్ళను కాల్చుమందాం," అంది. "రొట్టె ఏం జేసింది? కాల్చు," అన్నాడు నాయిన. వాకిట్లో నులక మంచం మీద పడుకుని, చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకున్నాడు. లోపల పెనం మీద రొట్టె కాలుతున్న వాసన, కిస్మిస్ రసం వాసన. ఆ పొయ్యిలో మండుతున్న బొగ్గు ఆయనలాంటి మనుషులు తవ్వి తెచ్చిందే. ఆ రొట్టెలో ఒక తునక ముట్టుకునే హక్కు ఆ ఇంట్లో ఆయనకొక్కడికే పోయింది. ఇలా ప్రతి నెలా జరిగింది. అమ్మ కాల్చింది, నాయిన వాసన చూశాడు, నేను పెద్దయ్యాక బాప్తిస్మం తీసుకుని ఆ రొట్టె తిన్నాను. మా ముగ్గురిలో ఎవరం దాని గురించి మాట్లాడుకోలేదు.

ఒకసారి ఒక రొట్టె ఒక పక్క మాడిపోయింది. మాడింది బల్లకు పనికిరాదు, అమ్మ దాన్ని పక్కన పెట్టింది. నాయిన మంచినీళ్ళకని లోపలికి వచ్చి, "గది నేను తింటనే," అని చెయ్యి చాపాడు. అమ్మ రొట్టెను చటుక్కున వెనక్కి లాక్కుంది. ఆమె కావాలని చెయ్యలేదు, చెయ్యి దానంతట అదే వెనక్కిపోయింది. నాయిన నవ్వి, నీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. అమ్మ ఆ రొట్టెను కోళ్ళకు కూడా వెయ్యలేదు. కరివేపాకు చెట్టు కింద చిన్న గొయ్యి తీసి పాతిపెట్టి, అక్కడే కూర్చుని ఏడ్చింది. ఆయన మీద ప్రాణం పెట్టుకున్న మనిషి. అంత ప్రేమ కూడా ఆ భయాన్ని దాటలేకపోయింది. పరిశుద్ధత పేరుతో మాకు నేర్పింది ఇదేనని తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది.

నేను టీచరు ట్రైనింగు చదివే రోజుల్లో, నలుగురిలో చిన్నతనంగా ఉందని ఒకసారి నాయినను నిలదీశాను. "ఒక్కసారి తప్పయిందంటే అయిపోతది గద నాయినా."

"తప్పయితే అందును బిడ్డా," అన్నాడు. "పని మొదలువెట్టే ముందు నేను కర్రతోని పైబండను కొట్టి సూస్త. గట్టి బండయితే మంచిగ పలుకుతది. డొల్లదయితే సప్పుడు వేరే ఉంటది. నేను కొట్టినంత సేపు ఎవ్వడు మాట్లాడడు, తట్ట కదలదు, దగ్గొచ్చినా ఆపుకుంటరు. గప్పుడు నాకు దేవుడు యాదికొస్తడు. గంత పెద్దది మన మీద ఉన్నది. అది ఊకున్నందుకు మనం బతుకుతున్నం. నాకు తెలిసిన పరిశుద్ధం గదే. దాని కింద ఎవడు ఏసోబు, ఎవడు మల్లయ్య, బండకు తెలుస్తదా?"

నాకప్పుడు అది చదువురాని మాటలా తోచింది. ఊ కొట్టి పుస్తకంలో తల దూర్చాను. ఆ తర్వాత ఎన్నో సభల్లో, ఎందరో పండితుల నోట దేవుని పరిశుద్ధత గురించి విన్నాను. మూలభాషల్లో ఆ మాటకు అర్థం వేరు చేయడమని ఒకరు, ప్రకాశమని ఒకరు చెప్పారు. ఇసుమంత కూడా వణుకు పుట్టలేదు. పైనున్నదాని బరువు తెలిసి మాట ఆపేసిన పదిమంది మనుషుల నిశ్శబ్దంలో ఎంత ఆరాధన ఉందో, ఆ నిశ్శబ్దం ఎవరినీ బయటికి తోయదని, తెలుసుకునేసరికి చెప్పిన మనిషి లేడు.

దావీదు పెద్దయ్య ముసలివాడయ్యాక పెద్దరికం వేరేవాళ్ళకు పోయింది. మధ్యలో వచ్చిన ఒక పాస్టరు, పాపం మంచివాడు, నాయినను బల్లకు రమ్మన్నాడు. "పెట్టినోడే తియ్యాలె," అన్నాడు నాయిన. పెట్టినాయన అప్పటికి మా వెనక లైనులోనే ఉన్నాడు. రోజూ మా ఇంటి ముందు నుంచే నడిచి పోయేవాడు. ఇద్దరూ బాగోగులు అడుక్కునేవాళ్ళు. ఆ ఒక్క మాట మాత్రం ఆయన నోట రాలేదు. నాయిన ఊపిరితిత్తులు చెడి దవాఖానలో పోయాడు. సమాధి దగ్గర దావీదు పెద్దయ్య కర్ర ఊతంగా నిలబడి, ఏసోబు పరిశుద్ధుల సహవాసంలో చేరాడని ప్రార్థన చేశాడు. బతికుండగా రొట్టె తునకకు పనికిరానివాడు మట్టిలోకి పోగానే పరిశుద్ధుడెలా అయ్యాడని నేను అడగలేదు. కొంగు నోట్లో కుక్కుకున్నాను. అడిగితే, ఎవరు చెప్పారమ్మా అప్పుడు అని తిరిగి నన్నే అడుగుతాడని భయం.

ఇప్పుడు మా చర్చిలో గీతలు లేవు. ఎవరినీ ఎవరూ బల్లకు దూరం పెట్టరు. ఆ మాట వరకు సంతోషమే. కానీ దూరం పెట్టడానికి దగ్గర ఏమైనా ఉందా అని అనుమానం వస్తుంది. డ్రమ్ములు, రంగు లైట్లు, గోడంత తెర మీద పాట. పరిశుద్ధుడు పరిశుద్ధుడు అని ఇరవై సార్లు అంటారు, ఆ ఇరవై సార్లలోనే ఒకడు ఫోను చూసుకుంటాడు. రొట్టె పాకెట్లలో బిళ్ళల్లాగా వస్తోంది, రసం ప్లాస్టిక్ కప్పుల్లో. బల్ల జరుగుతుంటే సెల్ఫీ తీసుకున్న పిల్లను నేను చూశాను. మా అమ్మ భయపడింది, ఆ భయంతో మొగుడి చేతిలోంచి రొట్టె లాక్కుంది. వీళ్ళకు లాక్కోవాలన్నా భయం లేదు, పెట్టాలన్నా ఆకలి తెలియదు. అందుకే కాబోలు వాళ్ళకు పెనం అద్దాల పెట్టెలో కావాలి.

పాస్టరుగారు వచ్చిపోయిన రెండు రోజులకు మల్లయ్య కాక వచ్చాడు. ఎనభై దాటాడు, నాయిన గ్యాంగులో మిగిలింది ఆయనొక్కడే. వారానికోసారి మందుల చీటీ చదివించుకోవడానికి వస్తాడు. ఏ గోళీ పొద్దున, ఏది సాయంత్రం అని నేను సంచుల మీద గుర్తులు పెట్టి ఇస్తాను. ఆ రోజు టేబుల్ మీద పెనం చూసి, "గిదేంది, గింత చిన్నగున్నది?" అన్నాడు. మొత్తం చెప్పాను.

"ఇస్తవా మరి?"

"ఇయ్య కాకా." ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పనిది, ఆ పూట ఎందుకో నోటిదాకా వచ్చేసింది. "ఆనాడు దావీదు పెద్దయ్యకు చెప్పింది నేనే."

"తెలుసు బిడ్డా. మీ నాయిన తెల్లారే చెప్పిండు. నవ్వుకుంటనే చెప్పిండు. నా బిడ్డకు కండ్లు మంచిగ కనపడ్తయి మల్లన్నా, అన్నడు."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంతేనా, ఇంత తేలిగ్గానా, ఇన్నేళ్ళు మోసింది అనుకున్నాను. కాక మందుల సంచి ముడి వేసుకుంటూ ఇంకో మాట అన్నాడు.

"బల్ల పోయినందుకు ఆయన అంత ఫికర్ పడలేదు గని, ఒక్కటి కష్టమయింది. అంతకు ముందు చర్చిల ఆయన ఒళ్ళె కూసునేదానివట. తర్వాత మల్ల ఎన్నడు పక్కకు రాలేదంట గద. 'ఎనుకకెల్లి బిడ్డ జడ సూసుకుంట కూసుంట మల్లన్నా, పాట గూడ సరిగ వినపడది,' అనేటోడు."

పెద్దయ్య గీత గీసి చూపించిన చోట నేను నిలబడ్డాను, అది పదేళ్ళ పిల్ల తప్పు. దానికి క్షమాపణ ఉందేమో. ఆ తర్వాత ప్రతి ఆదివారం, పెద్దదాన్నయ్యాక, చదువుకున్నాక, టీచరునయ్యాక, ముందు వరసకే నడిచాను. అది ఎవరూ గియ్యని గీత. ఒక్కసారి వెనక్కి నడిచి ఆయన పక్కన కూర్చుంటే ఎవరూ నన్ను ఏమీ అనేవాళ్ళు కాదు. నాకు తట్టలేదు. తట్టలేదన్నది కూడా అబద్ధమే, నాకు సిగ్గేసింది.

"కాకా, రొట్టె తింటవా?" అన్నాను చివరికి.

"పండ్లు లేవు బిడ్డా. మెత్తగ చెయ్యి."

పిండి తడిపాను. పెనం పొయ్యి మీద పెట్టబోయి, వెనక్కి తీసి, మళ్ళీ పెట్టాను. చీర ముక్కతో పాటు అమ్మ భయం కూడా ఇంకా దాన్ని అంటిపెట్టుకునే ఉన్నట్టుంది. మొదటి రొట్టె ఒక పక్క మాడింది. పాతిపెట్టలేదు. కాక దాన్ని రెండుగా చించి, మాడిన సగం తను తీసుకుని, చాయలో నానబెట్టుకుని తిన్నాడు. రెండో సగం నేను తిన్నాను. పెనం కడిగి మిగతా గిన్నెలతో పాటే బోర్లించాను. సాయంత్రం పాస్టరుగారికి ఫోన్ చేసి, పెనం ఇవ్వడం కుదరదు, ఇంట్లో వాడుకుంటున్నామని చెప్పాను.

ప్రతిష్ఠకు వెళ్ళాను. నేను ఫొటో కూడా ఇవ్వలేదు, అయినా గోడ మీద నాయిన ఉన్నాడు, దావీదు పెద్దయ్య పక్కనే. గని దగ్గర గ్యాంగు అంతా కలిసి దిగిన ఫొటోలోంచి ఆయనొక్కడినే కత్తిరించి పెద్దది చేశారు. భుజం మీద మల్లయ్య కాక చెయ్యి మిగిలింది, కాక లేడు. కింద పరిశుద్ధుడు ఏసోబు అని బంగారు రంగు అక్షరాలు. అందరూ దండం పెట్టినంత పని చేసి లోపలికి పోతున్నారు. నేను గుమ్మం పక్కన, చెప్పులు విడిచే చోటికి ఆనుకుని ఉన్న ఆఖరి కుర్చీలో కూర్చున్నాను. నా పాత శిష్యుడు పరుగెత్తుకుంటూ వచ్చి, "టీచరమ్మా, మీకు ముందల కుర్చీ పెట్టినం," అన్నాడు. వద్దన్నాను. బల్ల పళ్ళెం నా దాకా వస్తే నేను తీసుకోకుండా పక్కవాళ్ళకు అందించాను. పాట మొదలైంది. స్పీకరు పెట్టెల్లోంచి అంత గట్టిగా వస్తున్నా మాటలు సరిగా వినపడలేదు. ముందు వరసలో ఆడపిల్లలు తెల్ల గౌన్లు వేసుకుని నిలబడ్డారు. అక్కడి నుంచి చూస్తే, నిజంగానే, వాళ్ళ జడలు తప్ప ఇంకేమీ కనపడవు.